అపోహలు – వాస్తవాలు: మొదటిసారి ‘ఎ’, రెండవసారి ‘ది’

ఇంగ్లీషులో ఒక వస్తువును మొదటిసారి పేర్కొనునపుడు ‘ఎ’ అనియు, మరల పేర్కొనునపుడు ‘ది’ అనియు వాడవలెనను సూత్రము మన కోచింగు తరగతులలో వల్లెవేయింపబడి, అమెరికా యూనివర్సిటీలకు మన విద్యార్థులు పంపు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ మొదలుకొని, ఇచట కాపురము పెట్టిన పిదప అపార్ట్‌మెంట్ ఆఫీసుకు వ్రాయు ఫిర్యాదు వరకు సమస్తమును చెరుపుచున్నది.

‘ఐ రోట్ టు ఎ చైర్ ఆఫ్ యువర్ డిపార్ట్‌మెంట్’ అని వ్రాసిన విద్యార్థి సూత్రమును తప్పలేదు. కాని శాఖకు అధ్యక్షుడొక్కడే యని యెఱిగిన ప్రొఫెసరు, ఈతనికి ఆ మాత్రమును తెలియదని తలచును. ‘ఎ కిచెన్ సింక్ ఇన్ మై అపార్ట్‌మెంట్ ఈజ్ లీకింగ్’ అన్నచో ఆ యింట సింకులు పెక్కులున్నట్లు ధ్వనించును. ఇంటికొక్కటే యుండు సింకునకు తొలిమాటలోనే ‘ది’ చెల్లును. ‘ఐ బాట్ ఎ యూజ్డ్ కార్, అండ్ ది బ్రేక్స్ ఫెయిల్డ్’ అనువాడు బ్రేకులను అంతకుముందు పేర్కొననేలేదు; అయినను కారు అనగానే దాని బ్రేకులు వినువానికి స్ఫురించును. ‘మై బ్రదర్ బాట్ ఎ కార్ టూ’ అని కొనసాగించినచో, కారు రెండవసారి వచ్చినను అది వేరొక కారు గనుక ‘ఎ’యే నిలుచును. ఏ వస్తువో వినువాడు ఇదమిత్థమని గుర్తింపగలడా లేడా యనునదే ఇచట నిర్ణాయకము; లెక్కపెట్టుటతో పనిలేదు.

ఆ సూత్రము చెల్లు చోటొకటి కలదని ఒప్పుకొనక తప్పదు. అమెరికా పేటెంటు క్లెయిములలో ఒక భాగమును సాధారణముగా తొలుత ‘ఎ లివర్’ అని ప్రవేశపెట్టి, పిదపనే ‘ది లివర్’ అనవలెను. లేనిచో ఏ లివరో స్పష్టము కాదని పరీక్షకుడు అభ్యంతరము తెలుపును. ఆ కట్టుబాటును ఉత్తరములకు అంటగట్టరాదు.

‘ఎ’ యున్నను లేకున్నను అర్థము మారదను మాటను వీసాలపై బ్రతుకు మనవారే ఆడుట విచారకరము. దేశమునుండి పంపివేయు విచారణకు పిలుచు పత్రమును 1996 నాటి చట్టము ‘ఎ నోటీస్ టు అప్పియర్’ అని పేర్కొనగా, ప్రభుత్వము అందుండవలసిన సమాచారమును రెండు కాగితములుగా విడదీసి నిజ్-చావెజ్ అను గ్వాటెమాలా దేశీయునకు పంపెను. ఆ ‘ఎ’ ఒకే పత్రమును సూచించుననియు, ముక్కలుగా వచ్చిన నోటీసులతో, పంపివేతనుండి మినహాయింపు కోరుటకు కావలసిన అతని పదేండ్ల నివాసకాలపు లెక్క ఆగిపోదనియు 2021 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు 6–3 ఆధిక్యముతో తీర్పు చెప్పెను.

అచ్చు అక్షరమునకే ‘యాన్’ అనుటయు పొరపాటే. ఉచ్చారణ ప్రమాణము గనుక ‘ఎ యూనివర్సిటీ’, ‘యాన్ ఎఫ్-1 వీసా’. దేశముల పేర్లకు ‘ది’ రాదనువారు తాము నివసించు దేశము పేరు ఒకమారు చదువుకొనుడు.

ఏది పంపినను ముందుగా ప్రతి నామవాచకము వద్దను ఆగి, చదువరి ‘ఏది?’ అని అడుగునా యని చూచుకొనుడు. ‘ఆఫ్’ తరువాతి మాట ఆ వస్తువును ఒక్కదానికే పరిమితము చేయుచున్నదా యని మఱింత శ్రద్ధగా చూడుడు: కాలేజీకి పట్టభద్రులు పలువురు గనుక ‘ఎ గ్రాడ్యుయేట్ ఆఫ్ యువర్ కాలేజ్’ సరియే, యూనివర్సిటీకి ప్రెసిడెంటు ఒక్కడే గనుక అచట ‘ది’ వ్రాయుడు.