ముప్ఫై గళ్ళలో పట్టని పేరు

"సంచికకి ఏదైనా రాసివ్వండి సార్" అని యూనియన్ కుర్రాళ్ళు నిడుబ్రోలు స్టేషన్లో పట్టుకున్నారు. ఏం రాయమంటారయ్యా అంటే "కంప్యూటర్ల గురించి, కొంచెం నవ్వొచ్చేట్టు" అన్నారు. ఏడుపొచ్చేట్టు రాయమంటే అరగంటలో ఇచ్చేవాణ్ణి. ప్రోగ్రాములు రాసి బతికేవాడు నవ్వదలుచుకుంటే ముందు తనమీదే నవ్వుకోవాలి. కాబట్టి నా ఘనకార్యం ఒకటి చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీకి రసీదుల ప్రోగ్రాం రాశాను. పేరు అడక్కండి, తప్పు వాళ్ళది కాదు, నాదే. రైతు మిర్చి టిక్కీలు దించుతాడు, గుమాస్తా పేరూ ఊరూ లెక్కా కొడతాడు, చీటీ వస్తుంది. "చీటీ తెలుగులో రావాలి, రైతు తన చీటీ తను చదువుకోవాలి" అన్నారు యజమాని. మంచి మాటే. ఇంటిపేరుకి వేరే చోటిచ్చి, పేరుకి ముప్ఫై గళ్ళు కేటాయించాను. ముప్ఫై అక్షరాల పేరు మన జిల్లాలో ఎవరికుంటుంది చెప్పండి? నా పేరే కొట్టి చూశాను. బ్రహ్మాండంగా వచ్చింది. కొట్టింది ఇంగ్లీషులో అన్నది తరవాత గుర్తొచ్చింది.

సీజన్ మొదలైన రెండో వారంలో ఫోను. ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు, దాయాదులు ముగ్గురు. వెంకట సుబ్బారావు, వెంకట సుబ్బయ్య, వెంకట సుబ్బమ్మ అనుకోండి (అసలు పేర్లు కొంచెం మార్చాను). ముగ్గురి చీటీల మీదా "వెంకట సుబ్" అని, దాని పక్కన నల్లటి డైమండులో ఒక ప్రశ్నార్థకం. అంతవరకైతే నవ్వి ఊరుకునేవాళ్ళు. కానీ నా ప్రోగ్రాం పేరూ ఊరూ కలిపి ఖాతా గుర్తుపట్టేది. ముగ్గురూ ఒక్కరే అని తీర్మానించి, 62, 45, 33 టిక్కీలు కలిపి 140 ఒకే ఖాతాలో వేసింది. ముందొచ్చిన సుబ్బారావుగారికి 140. సుబ్బమ్మగారికి సున్నా. ఆవిడ ఆ ముప్ఫై మూడూ అమ్మి కొడుకు ఇంజనీరింగు ఫీజు కట్టాలి. ఆ పిల్లాడు చదివేది ఏమిటనుకున్నారు? కంప్యూటర్ సైన్సే!

ఇప్పుడు కాస్త పాఠం. కంప్యూటరుకి అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఏ అంకె ఏ అక్షరమో ముందే ఒప్పందం చేసుకోవాలి. 1963లో అమెరికా వాళ్ళు చేసుకున్న ఒప్పందం ఆస్కీ. అందులో 128 చోట్లు. ఇంగ్లీషు బళ్ళు, అంకెలు, కామాలు, అన్నీ అందులో హాయిగా సర్దుకున్నాయి. ఒక అక్షరానికి ఒక బైటు, అంటే ఒక గడి. మన లిపికి అందులో నిలబడే చోటు కూడా లేదు. 1991లో యూనికోడ్ మొదటి రూపం వచ్చినప్పుడు ప్రపంచంలోని ఇతర లిపులతోబాటు తెలుగుకీ సొంత వరస దొరికింది. దొరికింది గానీ, ఇప్పుడు అందరూ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడేసి గళ్ళు పడతాయి. గుర్తంటే అక్షరం కాదు సుమా. గుడికొక గుర్తు, కొమ్ముకొక గుర్తు, సున్నాకొకటి, పొల్లుకొకటి. "బ్బ" అని మనం ఒక్క అక్షరంగా రాసేది యంత్రానికి బ, పొల్లు, బ. అంటే తొమ్మిది గళ్ళు.

లెక్క వెయ్యండి. వెంకట సుబ్బమ్మ. కంటికి ఆరక్షరాలు. యంత్రానికి పదమూడు గుర్తులు, మధ్యలో ఖాళీ ఒకటి, మొత్తం నలభై గళ్ళు. నా ముప్ఫైలో ఇరవై ఎనిమిదింటికి "వెంకట సుబ్" అయిపోయింది. మిగతా రెండింటిలో "బ" అనే అక్షరానికి మూడింట రెండు వంతులు ఇరుక్కుంది. ఆ ముక్కని ఏమనాలో తెలియకనే యంత్రం నల్ల డైమండు చూపించింది. యంత్రం నిజాయితీ అది. నాకు తెలియదు అని చెప్పింది. నేను మాత్రం ఫోనులో "నా కంప్యూటర్లో బాగానే వస్తోందండీ" అన్నాను. మా కులవృత్తిలో మొదట నేర్పే మంత్రం అది. రెండో మంత్రం "ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండి".

పేరుతో మనిషిని గుర్తుపట్టకూడదు, ప్రతి ఖాతాకీ సొంత నెంబరుండాలి అన్నది డేటాబేసు పాఠాల్లో మొదట్లోనే చెబుతారు. మా లెక్చరరుగారు ఈ సంచిక చదివితే నా మార్కులు వెనక్కి తీసుకుంటారు.

నేనొక్కణ్ణే పిసినారినని అనుకోకండి. వెనకటి ప్రోగ్రాములు రాసినవాళ్ళు జ్ఞాపకశక్తి ఖరీదైన రోజుల్లో 1965ని 65 అని రాసి రెండంకెలు మిగిల్చారు. 2000 వచ్చేసరికి "00" అంటే 1900 అనుకుని యంత్రాలు తికమకపడతాయని లోకమంతా హడలిపోయింది. ఆ తప్పు దిద్దడానికి విమానాలెక్కినవాళ్ళలో మన జిల్లాల కుర్రాళ్ళు ఎందరో! ఎవరో మిగిల్చిన రెండంకెలు మన ఊళ్ళలో మేడలయ్యాయి. నేను మిగిల్చిన పది గళ్ళతో ఫీజు ఆగింది.

సరే, రాత్రికి రాత్రి ముప్ఫైని నూట ఇరవై చేశాను. పొద్దున మళ్ళీ ఫోను. పేరు పూర్తిగా వస్తోంది గానీ అది జరిగి టిక్కీల సంఖ్యని కాగితం బయటికి తోసేసిందట. ప్రోగ్రాంలో తప్పుని ఇంగ్లీషులో పురుగు అంటారు. 1947లో హార్వర్డ్ మార్క్ 2 యంత్రంలో నిజంగానే ఒక చిమ్మట ఇరుక్కుంటే తీసి లాగు పుస్తకంలో అంటించారు, మాట అంతకుముందే ఉన్నా. మిర్చి, పత్తి వేసే మనవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఒక పురుగుకి మందు కొడితే రెండో పురుగు లేస్తుంది. 2021లో మిర్చి పూతమీద నల్ల తామర పురుగు పడ్డప్పుడు ఎన్ని మందులు కొట్టారో చేలో దిగినవాళ్ళకి తెలుసు.

పెద్ద పెద్దవాళ్ళే మన అక్షరం దగ్గర బోల్తాపడ్డారన్నది నాకున్న ఒకే ఒక ఊరట. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు తెలుగు అక్షరం ఒకటి చూసి కుప్పకూలాయి. ఏ అక్షరం? "జ్ఞా"! మామూలుగా రాసే జ్ఞానం పాపం ఏమీ చెయ్యలేదు. జ, పొల్లు, ఞ, తరవాత కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి, ఆపైన దీర్ఘం, ఈ వరసలో వస్తేనే చిక్కు. సందేశంలో అది కనబడితే చాలు, ఆ యాప్ మూసుకుపోయేది. అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేశారు. సాఫ్టువేరంటే తెలుగువాళ్ళే అని జబ్బలు చరుచుకుంటున్నాం గదా, మన అక్షరాన్ని ముందుగా కొట్టి చూసినవాడొక్కడూ లేకపోయాడా అని ఆ రోజు వెటకారం ఆడాను. నా ముప్ఫై గళ్ళు గుర్తొచ్చి తరవాత నోరు మూసుకున్నాను.

టిక్కీల సంగతి చెప్పలేదు కదూ. రికార్డులో ముగ్గురి లెక్కా కలిసిపోయింది, విడదీసే ఆధారం నేనెక్కడా మిగల్చలేదు. సుబ్బారావుగారు మంచివారే, కానీ 140 అని అచ్చయిన చీటీ చేతిలో ఉంది. మాటలు పెరుగుతున్నాయి. అప్పుడు ముఠా మేస్త్రీ పైకొచ్చి, "సుబ్బమ్మగారి టిక్కీలు నేనే దించా. పచ్చదారం కుట్టు, పై అంతస్తులో కిటికీ వారన ఉన్నయ్" అన్నాడు. వెళ్ళి లెక్కపెడితే ముప్ఫై మూడు, ఒకటి ఎక్కువా లేదు తక్కువా లేదు. మన ఊళ్ళో సాక్షి భావనారాయణస్వామి కథ చిన్నప్పటినుంచీ వింటున్నాం. ఇచ్చిన మాట తప్పితే దేవుడే వచ్చి సాక్ష్యం చెప్పాడని. ఆ రోజు పచ్చదారం చెప్పింది.

సుబ్బమ్మగారు నన్నొక్క మాట కూడా అనలేదు. నల్ల డైమండు మీద వేలు పెట్టి, "ఇదేం అక్షరం నాయనా, మా బళ్ళో చెప్పలేదు" అన్నారు. ఆ చీటీ నా బల్ల సొరుగులో ఉంది.

ఈ వ్యాసం యూనికోడులో కొట్టి పంపిస్తున్నాను. ప్రెస్సువాళ్ళు వాళ్ళ ఫాంటులోకి మార్చుకుంటారు. మార్పులో "జ్ఞ" ఏమవుతుందో నాకు భయంగానే ఉంది. ప్రూఫు చూసే కుర్రాడెవరో గానీ, అక్కడ కొంచెం ఆగి చూడు బాబూ.