గుర్తింపు పోయాక కూడా తెరిచే ఉన్న కాలేజీ

1917లో మద్రాసు విశ్వవిద్యాలయం మదనపల్లె బి.టి. (బిసెంట్ థియొసాఫికల్) కాలేజీకి అనుబంధం రద్దు చేసింది. విద్యార్థులూ అధ్యాపకులూ హోమ్‌రూల్ ఉద్యమంలో దిగడమే కారణం. కాలేజీకి అప్పటికి రెండేళ్లే. స్థాపకురాలు అనీ బిసెంట్‌ను ఆ ఏడాది జూన్‌లో ప్రభుత్వం ఊటీలో నిర్బంధించి, సెప్టెంబరులో గానీ వదల్లేదు. పిల్లలకు చెప్పే చదువుకు రేపు విలువ ఉంటుందో లేదో తెలియని స్థితిలో మాస్టర్లు తరగతికి వెళ్లాల్సి వచ్చింది.

ఇలాంటి స్థితి ఇవాళ చాలామందికి తెలుసు. కుప్పంలో రైలెక్కి రోజూ బెంగళూరు వెళ్లొచ్చే ఉద్యోగి 'ప్రాజెక్టు ఆపేస్తారట' అన్న మాట పెట్టెలోనే వింటాడు. మదనపల్లె టమోటా మండీలో 2023 జూలైలో కిలో 150 రూపాయలు దాటిన ధర సెప్టెంబరుకల్లా కుప్పకూలింది. హమాలీల కూలీ ఆ మార్కెట్‌నే నమ్ముకుని ఉంది. పైనున్నవాళ్లు నోరు విప్పకపోతే పుకార్లు రాజ్యమేలతాయి. ఖాయమైనదేదో, ఇంకా తేలనిదేదో విడదీసి చెప్పాలి. మళ్లీ ఎప్పుడు చెబుతారో కూడా చెప్పాలి. అంతకంటే ముఖ్యం, రేపు పొద్దున చేయాల్సిన పని చేతికివ్వాలి.

బి.టి. కాలేజీలో ఆ పని ఆగలేదు. మద్రాసు కాదన్నాక, బిసెంట్ అడయారులో నెలకొల్పిన జాతీయ విశ్వవిద్యాలయానికి కాలేజీ అనుబంధమైంది. దానికి కులపతి రవీంద్రనాథ్ ఠాగూర్. కాలేజీలో ఉన్న జేమ్స్ కజిన్స్ కూడా దెబ్బతిన్న మనిషే. ఈ ఐర్లండ్ కవి 1916లో తన దేశపు తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసి, 'న్యూ ఇండియా' పత్రికలో ఉద్యోగం పోగొట్టుకుని మదనపల్లె చేరాడు. 1919 ఫిబ్రవరిలో ఆయన ప్రిన్సిపాల్‌గా ఉండగా ఠాగూర్ వచ్చి కొన్ని రోజులు అక్కడే ఉన్నారు. రాత్రిపూట పాటలకు చేరిన విద్యార్థుల ముందు 'జన గణ మన' పాడారు. జేమ్స్ భార్య మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరాలు రాసిపెట్టారు. ఫిబ్రవరి 28న ఠాగూర్ ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. సర్కారు గుర్తింపు లేని రోజుల్లోనూ రాత్రిపూట కలిసి పాడుకునే అలవాటును ఆ కాలేజీ వదులుకోలేదు. నాయకత్వం గురించి మాట్లాడేటప్పుడు ఇలాంటివి లెక్కలోకి రావు గానీ, మనుషులను కలిపి ఉంచేవి చాలాసార్లు ఇవే.

అదే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరానికి ఎదురైన ఇబ్బంది వేరు. 1915లో అక్కడ మొదలైన క్షయ శానిటోరియాన్ని డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమొడ్ మోలర్ నడిపారు. విశ్రాంతి, గాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం: అప్పటి వైద్యం అదే. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాయి. మద్రాసులో కొందరికి ఇంట్లో, కొందరికి శానిటోరియంలో మందులిచ్చి చూస్తే ఫలితం దాదాపు ఒకటేనని 1959లో తేలింది. రోగులకు అంతకన్నా మంచి కబురు లేదు. శానిటోరియం జీతంతో బతికే నర్సులకూ వంటవాళ్లకూ మాత్రం గుండె గుభేలుమనిపించేదే.

ఆ కబురు వచ్చేనాటికే ఆరోగ్యవరం వైద్యం గేటు దాటింది. 1948లో బీసీజీ టీకాను మన దేశంలో మొదట వేసి చూసిన చోట్లలో మదనపల్లె ఒకటి. యోహానెస్ ఫ్రిమొడ్ మోలర్ నాయకత్వంలో ఆరోగ్యవరం బృందం 1950 నుంచి చుట్టుపక్కల ఊళ్లలో ట్యూబర్‌క్యులిన్ పరీక్షలు, ఎక్స్‌రేలు చేస్తూ క్షయ తీరునూ టీకా బలాన్నీ ఏళ్ల తరబడి పరిశీలించింది. వార్డు కోసం నేర్చిన విద్య పల్లెలోనూ అక్కరకొచ్చింది. మంచాలను కాపాడుకోవడమే లక్ష్యంగా పెట్టుకుని ఉంటే ఈ అవకాశం కనిపించేది కాదు.

స్విట్జర్లండ్‌లోని దావోస్‌లో పేరున్న శానిటోరియంలు కొన్ని హోటళ్లయ్యాయి. ఆరోగ్యవరం మాత్రం ఆసుపత్రిగానే నిలిచింది. క్షయ ఒక్కదానికే కాక ఇతర జబ్బులకూ అక్కడ వైద్యం చేస్తున్నారు, నర్సులకు శిక్షణా ఇస్తున్నారు.