4.3 ఇండో-ఇస్లామిక్ వాస్తుశైలి: ఇచ్చిపుచ్చుకోవడం

ఆలయ నిర్మాణానికి ఆధారం స్తంభం, దూలం. మార్కాపురం చెన్నకేశవాలయ మండపంలో రాతి స్తంభాలు పైకప్పు బరువును మోస్తాయి. పొడవైన రాతి దూలం నడుమ పగిలే ప్రమాదం ఉంటుంది కనుక స్తంభాలను దగ్గర దగ్గరగా నిలుపుతారు. ఇస్లామిక్ నిర్మాణానికి ఆధారం కమాను, గుమ్మటం. కమానులోని రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ బరువును ఇరుపక్కలకు పంపుతాయి. అందువల్ల నడుమ స్తంభాలు లేకుండానే విశాలమైన స్థలాన్ని కప్పవచ్చు.

ఈ రెండు సంప్రదాయాల కలయికే ఇండో-ఇస్లామిక్ శైలి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నిర్మించిన చార్మినార్‌కు నాలుగు వైపులా పెద్ద కమానులున్నాయి. గోల్కొండ సమాధులలో గుమ్మటం తామర రేకుల నడుమ నుంచి పైకి లేస్తుంది. ఆ తామర స్థానిక శిల్పుల సంప్రదాయం.

అరువు ఒకవైపే సాగలేదు. విజయనగర రాజుల హంపీలో కమలమహల్‌కు కింద కమానులు, పైన ఆలయ శిఖరాలను పోలిన కప్పులు ఉన్నాయి. అక్కడి గజశాలపై గుమ్మటాలు వరుసగా కనిపిస్తాయి. కాబట్టి కమాను కనిపించినంత మాత్రాన కట్టించినవారి మతాన్ని నిర్ణయించరాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ఊరి పాత కట్టడం ఒకదానిని పరిశీలించండి. అందులో బరువును మోస్తున్నది దూలమా, కమానా? అలంకరణ ఏ సంప్రదాయానికి చెందినది?