పింఛనునకు మరల అర్జీ ఎప్పుడు?



నేడు నేను చెప్పబూనినది నెలకు నాలుగువేల రూపాయల సంగతి. కొలిమిగుండ్ల ప్రాంతమున నాపరాతి గనులలో వయసంతయు గడపి, నడుము వంగి యింటిపట్టున నున్న ముదుసలులకు ఆ సొమ్మే మందులకును ఉప్పుపప్పులకును ఆధారము. అది నిలిచిపోయినచో పలువురు తొందరపడి క్రొత్త అర్జీ వ్రాయింతురు. అన్నివేళల అది తగిన పని కాదు.

1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము జాతీయ సామాజిక సహాయ కార్యక్రమమును ఆరంభించెను. అందు అరువదేండ్లు నిండినవారికి కేంద్రపు వంతు 200 రూపాయలు, ఎనుబదేండ్లవారికి 500 మాత్రమే. మిగిలిన బరువు రాష్ట్రముది. మన రాష్ట్రమున 2014 అక్టోబరులో వేయి రూపాయలైన వృద్ధుల పింఛను 2024 జూలై 1 నుండి నాలుగువేలైనది.

నెల మొదట ఉద్యోగి యింటికి వచ్చి వేలిముద్ర గొని పైకమిచ్చును గదా! ఆ వేలిముద్రయే మీరు జీవించియున్నారనుటకు సాక్ష్యము. కొడుకుతో పట్నమునకో, కూతురి కాన్పునకో పోయి ఒకటి రెండు నెలలు తప్పినను భయము లేదు. 2024 చివర చేసిన యేర్పాటు ననుసరించి, మూడవ నెలలో వచ్చినచో పాతబాకీతో గూడ ముట్టును. వరుసగా మూడు నెలలు తప్పెనా, శాశ్వతముగా వలసపోయినట్లెంచి నిలుపుదురు. అప్పుడు మరల అర్జీ తప్పదు. కావున దూరమేగువారు మూడవ నెల దాటకుండ నొక్కమారు రావలెను. వేరొక యూర స్థిరపడువారు బదిలీ కోరిన చాలును. ఉన్నదానిని వదలుకొని క్రొత్తదాని కెదురుచూచుట నా మతమున తెలివితక్కువ.

భర్త పోయిన యింట సంగతి వేరు. ఆయన పింఛను ఆయనతోనే ముగియును. 2024 నవంబరు 1 మొదలు, పింఛను పొందుచు మరణించినవాని భార్యకు వెంటనే వితంతు పింఛను మంజూరుచేయు పద్ధతి వచ్చినది. కాని ఆమె తన పేర అడుగవలెను. మరణ ధ్రువపత్రము చూపవలెను. దుఃఖములో ఆ పత్రమును ఎవరును తలపరు. ఊరిపెద్దలు తలపింపవలసినది అప్పుడే. వితంతు పింఛను పొందుచున్న స్త్రీకి అరువదేండ్లు నిండినంతనే అర్జీ మార్చుకొన నక్కరలేదు, రెండింటికిని మొత్తమొకటే.

వికలాంగుల సదరం పత్రములలో కొన్ని తాత్కాలికములు. వానిపై గడువు వ్రాసియుండును. ఆ తేదీకి ముందే మరల వైద్యపరీక్షకు పోవలెను. 2025లో జరిగిన పునఃపరిశీలనలో వైకల్యము నలుబది శాతమునకు తక్కువయని నోటీసు లందుకొన్నవారు అనేకులు. అట్టివారికి మార్గము క్రొత్త అర్జీ గాదు, మండల పరిషత్తు అభివృద్ధి అధికారికి చేసికొను అప్పీలు.

ఇంకొక చిక్కు కలదు. 2019 డిసెంబరు నాటి నిబంధనలలో కుటుంబమునకు నాలుగుచక్రముల బండి యుండరాదు. విద్యుత్తు నెలకు సగటున మున్నూరు యూనిట్లకు మించరాదు. మాగాణి మూడెకరములకు లోపు, మెట్ట పదెకరములకు లోపు ఉండవలెను. వేరుపడిన కొడుకు మీటరు తండ్రి ఆధారు సంఖ్యకు తగులుకొన్నచో తండ్రి యనర్హుడుగా కనబడును. ఆ తప్పు లెక్కలో నుండగా పదిమార్లు అర్జీ పెట్టినను పదిమార్లును త్రోసివేయుదురు. ముందు ఆ లెక్కను దిద్దింపవలెను.

కనుక పింఛను ఆగినవాడు మొదట అడుగవలసిన ప్రశ్న “ఏ కారణముచే ఆగినది?” అనునది. 2019 అక్టోబరు 2న ఆరంభమైన సచివాలయ వ్యవస్థలో సంక్షేమపు పని చూచు ఉద్యోగి ఆ కారణమును చూచి చెప్పగలడు. దానిని కాగితముపై వ్రాయించుకొని, అర్జీయో అప్పీలో ఇచ్చిన దినమున రసీదు దీసి, ఆధారు పత్రముతో గూడ నొకేచోట భద్రపరుపుడు.