పన్నుల పంపకములో మన వాటా

"మా వాడ వారము పన్నంతయు చెల్లించితిమి, రోడ్డు మాత్రము అవతలి వాడకు వేసితిరి" అను మాట పంచాయతీ సమావేశములలో సభ్యులు వినియే యుందురు. కేంద్రముతో దక్షిణాది రాష్ట్రములు పలుకు మాటయు ఇంచుమించు ఇదియే.

ఆదాయపు పన్ను మున్నగు వానిని కేంద్రము వసూలు చేయును. అందు రాష్ట్రముల భాగమును, రాజ్యాంగము 280వ అధికరణము ననుసరించి ఏర్పడు ఆర్థిక సంఘము సూచించును. పదునైదవ సంఘము 2021 నుండి 2026 వరకు నూటికి 41 వంతులు సూచించినది. పంపకములో 45 పాళ్ల ప్రాధాన్యము తలసరి ఆదాయమునకు ఇచ్చిరి; ఆదాయము తక్కువైన రాష్ట్రమునకు వాటా హెచ్చు. 1971 నాటి జనాభాను విడిచి పూర్తిగా 2011 లెక్కలనే గైకొనుటచే, కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రములు నొచ్చుకొన్నవి. ఊరటగా జనాభా అదుపునకు పన్నెండున్నర పాళ్లు చేర్చిరి. అయినను పదునాలుగవ సంఘము నాటితో పోల్చగా రాష్ట్రముల భాగములో ఆంధ్రప్రదేశ్ వాటా నూటికి 4.305 నుండి 4.047కు, తెలంగాణ వాటా 2.437 నుండి 2.102కు తగ్గినది.

బీహారు పల్లెలోని బడికిని సొమ్ము కావలయును గదా! అందుచే ఈ తగ్గుదలనంతయు అన్యాయమని మేము అనజాలము. ఇంతకంటె గట్టి ఆక్షేపణ వేరొకటి కలదు. సెస్సు, సర్‌ఛార్జి అను పేర వసూలగు సొమ్ము ఈ పంపకములో చేరదు. కావున 41 వంతులన్నది మొత్తము వసూళ్లపై లెక్క కాదు.

పంచాయతీలకు ఆ సంఘము సూచించిన గ్రాంటు దీనికి వేరు. అందును 60 వంతులు త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకే వెచ్చింపవలెనని కట్టడి చేసిరి. వాడ రోడ్డుకు మిగిలిన 40 వంతులనుండియే తీయవలసి వచ్చినది.