పెయిడ్ మెంబర్‌షిప్ తీసుకుంటే కెమెరామెన్‌కు బుకింగ్స్ వస్తాయా? డబ్బు కట్టే ముందు ఈ లెక్క చూసుకోండి

‘ప్రొఫైల్ అప్‌గ్రేడ్ చేసుకోండి సార్.. లీడ్స్ పెరుగుతాయి’. ఫ్రీలాన్స్ కెమెరామెన్, డ్రోన్ ఆపరేటర్లకు ఇలాంటి కాల్స్ మామూలే. ఆషాఢంలో ముహూర్తాలు లేక, కెమెరా ఈఎంఐ మాత్రం ఆగక ఇబ్బంది పడే టైమ్‌లో ఆ మాట వింటే ఆశ పుడుతుంది. మరి కట్టిన డబ్బుకు పని దొరుకుతుందా?

డబ్బు కడితే ఏమొస్తుంది?

జస్ట్ డయల్‌లో పేరు పెట్టుకోవడం ఫ్రీనే. డబ్బు కట్టినవాళ్లు లిస్టులో పైన కనిపిస్తారు. ఐఎండీబీలో మీరు పనిచేసిన సినిమా క్రెడిట్ చేర్చుకోవడానికీ ఖర్చు లేదు. ‘ప్రో’ తీసుకుంటే ఇండస్ట్రీ వాళ్ల కాంటాక్ట్ వివరాలు చూడొచ్చు. అంటే మీరు కొనేది కనిపించే చోటు, కాంటాక్టులు మాత్రమే. బుకింగ్‌కు గ్యారంటీ కాదు.

ఎవరికి ఉపయోగం?

పెళ్లి, బర్త్‌డే షూట్లకు ఎంతో కొంత ఉపయోగమే. కొత్త కస్టమర్ మిమ్మల్ని ఎరగడు, ఆన్‌లైన్‌లోనే వెతుకుతాడు. కానీ ఒకే ఎంక్వైరీ నలుగురైదుగురికి వెళ్లొచ్చు. ముందు ఫోన్ ఎత్తి, మంచి శాంపిల్ వీడియో పంపినవాళ్లకే ఛాన్స్ ఎక్కువ.

సినిమా, సీరియల్ యూనిట్లలో లెక్క వేరు. అక్కడ కెమెరామెన్ తన అసిస్టెంట్లను తానే పిలుచుకుంటాడు. ప్రొడక్షన్ మేనేజర్ తెలిసినవాళ్లకే ఫోన్ చేస్తాడు. యూనియన్ కార్డు ఉందా అని కూడా చూస్తారు. ‘ఇంతకుముందు ఎవరి దగ్గర చేశావ్?’ అని అడుగుతారే తప్ప మీ ప్రొఫైల్ గోల్డా, సిల్వరా అని అడగరు.

లెక్క ఇలా వేయండి

ఉదాహరణకు ఏడాది ప్యాకేజీ రూ.12,000 అనుకుందాం. 18 శాతం జీఎస్టీతో రూ.14,160 అవుతుంది. లెన్సుల అద్దె, ప్రయాణం పోను రోజుకు మీకు రూ.2,000 మిగిలితే, పెట్టిన డబ్బు తిరిగి రావడానికే 8 రోజుల కొత్త పని దొరకాలి. పాత కస్టమర్ల పని ఇందులో కలపొద్దు.

కట్టే ముందు ఇవి చూడండి

* ముందు ఫ్రీ ప్రొఫైల్‌లోనే రెండు నిమిషాల షోరీల్, రేటు, ఖాళీ డేట్లు పెట్టండి. మూడు నెలల్లో ఎన్ని కాల్స్ వచ్చాయో రాసుకోండి.
* అప్పటికీ తీసుకోవాలనుకుంటే పెళ్లిళ్ల సీజన్‌కు ముందు, తక్కువ కాలం ప్లాన్‌తో మొదలుపెట్టండి.
* ఎన్ని లీడ్స్ ఇస్తారో, ఒక్కో లీడ్ ఎంతమందికి వెళ్తుందో రాతపూర్వకంగా అడగండి.
* ఆటో రెన్యువల్ ఉందేమో చూడండి. ఆర్‌బీఐ రూల్ ప్రకారం కార్డు, యూపీఐ ఆటో డెబిట్‌కు 24 గంటల ముందే మెసేజ్ రావాలి. అది చూసి వద్దనుకుంటే ఆపేయొచ్చు.
* సర్వీస్ సరిగా ఇవ్వకపోతే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు కాల్ చేయండి. ‘డిపాజిట్ కడితే షూటింగ్ ఇప్పిస్తాం’ అని డబ్బు లాగి మాయమైతే అది మోసమే.. ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.