ఆంప్లిఫయరులో కాలిపోయిన ఫ్యూజును మార్చడం

విద్యుత్తు ప్రవహించినప్పుడు తీగ వేడెక్కుతుందని మీకు తెలుసు. ఇస్త్రీపెట్టె ఆ వేడినే వాడుకుంటుంది. ఫ్యూజు కూడా ఆ వేడితోనే పనిచేస్తుంది. అయితే అది తాను కరిగి, మిగతా పరికరాన్ని కాపాడుతుంది. ఇంట్లో పాటలు వినే ఆంప్లిఫయరులో ఫ్యూజు ఎందుకు పోతుందో, మార్చేటప్పుడు ఏమేమి చూడాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరా వైపు షాలిమార్ రైల్వే స్టేషను ఉంది. ఆ దగ్గర క్వార్టర్లలో ఒక తెలుగు కుటుంబం ఉంటున్నదనుకోండి. ఉగాది నాడు ఇరుగుపొరుగు తెలుగువాళ్లు వాళ్లింట్లో చేరారు. పాట మధ్యలో ఆంప్లిఫయరు ఆగిపోయింది. వెనుక ఉన్న ఫ్యూజు పోయింది. ఎవరో సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం తీసి ఫ్యూజుకు చుట్టారు. పాట మళ్లీ వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. మనలో చాలామంది ఇళ్లలో జరిగేదే ఇది. కాని ఆ క్షణం నుంచి ఆ పెట్టెలో ఏం జరుగుతున్నదో చూడండి.

1841లో జౌల్ ప్రకటించిన నియమం ప్రకారం తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. ఒక ఆంపియరు ఫ్యూజులోని సన్నని తీగ ఆ వేడికి తెగిపోతుంది. వెండి కాగితం తెగదు. అప్పుడు వేడెక్కేది ట్రాన్స్‌ఫార్మరు చుట్ట. దాని రాగి తీగపై ఉన్న వార్నిషు పూత కాలితే పొగ వస్తుంది, మంట రావచ్చు. 230 వోల్టుల కరెంటు ఇనుప పెట్టెకు కూడా తగలవచ్చు. ఇంటి మెయిన్‌లో ఫ్యూజు ఉందిగా అని ధీమాగా ఉండకండి. అది 5 ఆంపియర్లదైతే, దానికి 3 ఆంపియర్లు ఒక లెక్కే కాదు. ఆంప్లిఫయరుకు మాత్రం అది చాలా ఎక్కువ.

ఇక మార్చే పద్ధతి. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గును గోడ నుంచి ఊడదీయండి. వెనుక ఉన్న ఫ్యూజు మూతను తిప్పితే గాజు గొట్టం బయటికి వస్తుంది. సాధారణంగా దాని పొడవు 20 మిల్లీమీటర్లు, వ్యాసం 5 మిల్లీమీటర్లు. గాజు తేటగా ఉండి తీగ మాత్రమే తెగితే కొద్దిపాటి అధిక భారం వల్లనో, పాతబడో పోయి ఉండవచ్చు. గాజు లోపల నల్లగానో, అద్దంలా వెండి పూత పట్టినట్లో ఉంటే లోపల షార్టు సర్క్యూటు ఉందని అనుమానించాలి.

గొట్టం చివరి లోహపు టోపీపై అక్షరాలు చదవండి. 'టి 1ఎ 250వి' అని ఉంటే, 'టి' అంటే కాస్త ఆలస్యంగా తెగేది, 'ఎఫ్' అంటే వెంటనే తెగేది. ఈ తేడాను దుకాణాల్లో చాలామంది పట్టించుకోరు. ఆంప్లిఫయరు వేయగానే ట్రాన్స్‌ఫార్మరు, కెపాసిటర్లు ఒక్క క్షణం మామూలు కంటే ఎన్నో రెట్ల కరెంటు తీసుకుంటాయి. 'టి' ఉండవలసిన చోట 'ఎఫ్' పెడితే, ఏ తప్పూ లేకుండానే ఫ్యూజు పోతుంది. విసుగెత్తి పెద్ద ఫ్యూజు పెట్టడం అక్కడే మొదలవుతుంది. 100 వాట్లను 230తో భాగిస్తే 0.43 ఆంపియరు వస్తుంది. అయినా ఈ లెక్కతో ఫ్యూజును ఎంచుకోకూడదు. తయారీదారు పెట్టెపై ముద్రించిన విలువనే వాడాలి. కోల్‌కతా చాందినీ చౌక్‌లోనైనా, హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలోనైనా ఇవి దొరుకుతాయి. రెండు మూడు ఎక్కువ కొని ఉంచుకోండి.

పెట్టె లోపల కూడా ఫ్యూజులు ఉండవచ్చు. ప్లగ్గు తీసినా పెద్ద కెపాసిటర్లలో చార్జి కొంతసేపు నిలిచి ఉంటుంది. అందుకని మూత విప్పే పని మెకానిక్కుకే వదలండి.

కొత్త ఫ్యూజు పెట్టేముందు స్పీకరు తీగలు చూడండి. పీచులాంటి ఒక్క రాగి పోగు పక్క టెర్మినల్‌కు తగిలినా షార్టవుతుంది. 8 ఓముల స్పీకర్లు రెండు సమాంతరంగా కలిపితే నిరోధం 4 ఓములకు దిగుతుంది, ఆంప్లిఫయరు ఇచ్చే కరెంటు రెట్టింపవుతుంది. పండుగకు పక్కింటి స్పీకర్లు తెచ్చి తగిలించినప్పుడు ఫ్యూజులు పోయేది ఎక్కువగా ఇందుకే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ప్రశ్న: సరైన ఫ్యూజు పెట్టి, ప్లగ్గు తగిలించగానే అది పోయింది. ప్లగ్గు తీసి, స్పీకరు తీగలన్నీ విప్పి, అదే విలువ గల మరో ఫ్యూజు పెడితే అదీ పోయింది. తప్పు ఎక్కడ ఉంది? మూడో ఫ్యూజు పెట్టవచ్చునా?

జవాబు: తప్పు స్పీకర్లలో లేదు, ఆంప్లిఫయరు లోపలే ఉంది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లో, డయోడ్లో షార్టయి ఉండవచ్చు. మూడో ఫ్యూజు పెట్టకూడదు. మెకానిక్కు దగ్గరికి తీసుకువెళ్లాలి. పోయిన రెండు ఫ్యూజులనూ అతనికి చూపించాలి.